గరిక, గాలివాన, గోల్ఫు మైదానం

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, హొళగుంద

గోల్ఫు అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది సినిమాలో టోపీ పెట్టుకొని, వంకర కర్రతో చిన్న బంతిని కొట్టే కోటీశ్వరుడు. మా హొళగుంద దిక్కున ఆ ఆట ఆడే చోటు లేదు. మరి రైతు ఇంట పుట్టినవాడు గోల్ఫు మీద వ్యాసం రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నేను రాయబోయేది ఆ ఆటను గురించి కాదు, ఆ ఆట ఆడే నేలను గురించి. నూరు, నూటయాభై ఎకరాల్లో ఏడాది పొడుగునా గడ్డిని పెంచి, ఎండకూ వానకూ గాలికీ తట్టుకొనేటట్టు కాపాడడమంటే అదొక పెద్ద సేద్యం. పంట ఇంటికి రాని సేద్యం! ఆ సేద్యంలో నేర్చుకున్న సంగతులు మన చేలకూ, మన కాలేజీ ఆటస్థలానికీ పనికివస్తాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, గాలివాన వచ్చిన రోజున మైదానం నిలిచేదీ పాడయ్యేదీ ఆ రోజు తేలే విషయం కాదు. ఎన్నో ఏళ్ల ముందు నేలవాలు, మట్టి, గడ్డి, చెట్టు ఎంచుకొన్నప్పుడే అది తేలిపోయి ఉంటుంది.

మైదానంలో ఏముంటుంది?

గోల్ఫు స్కాట్లండు దేశపు ఆట. అక్కడి సముద్రతీరపు ఇసుకనేలల్లో పుట్టి పెరిగింది. సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లో 1764లో మైదానాన్ని 18 గుంటలకు కుదించారు. ఆ లెక్కే తర్వాత లోకమంతటికీ ఆనవాయితీ అయింది. మన దేశానికి ఈ ఆట ఆంగ్లేయులతో వచ్చింది. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిషు దీవులకు వెలుపల ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. మనకు దగ్గరలో బెంగుళూరు క్లబ్బు 1876 నాటిది. తెలుగునాట విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్, హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిలా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉన్నాయి.

ఒక్కొక్క గుంటకు సంబంధించిన నేలను నాలుగు భాగాలుగా చూడవచ్చు. బంతిని మొదట కొట్టే గద్దె లాంటి చోటు టీ. అక్కడినుంచి ముందుకు సాగే పచ్చని బాట ఫెయిర్‌వే. దానికి అటూ ఇటూ పొడుగ్గా వదిలేసిన గడ్డి రఫ్. చివర గుంట ఉండే నున్నటి చోటు గ్రీన్. నడుమ నడుమ ఇసుక నింపిన పల్లాలుంటాయి, వాటిని బంకర్లంటారు.

గడ్డి కోతలో ఈ నాలుగింటికీ చాలా తేడా ఉంది. గ్రీన్ మీద గడ్డి ఎత్తు 3, 4 మిల్లీమీటర్లకు మించదు. ఫెయిర్‌వేలో ఇది 12 నుంచి 15 మిల్లీమీటర్లు. రఫ్‌లో రెండంగుళాలు, ఆ పైన. గడ్డిని ఎంత పొట్టిగా కోస్తే దాని వేరు అంత పైపైనే ఉండిపోతుంది. ఆకే కదా ఆహారం వండేది! ఆకు లేకపోతే వేరుకు తిండి ఎక్కడిది? అందుకే గ్రీన్ మీది గడ్డి పసిబిడ్డ లాంటిది, రోజూ చూసుకోవాలి. రఫ్‌లోని గడ్డి మాత్రం కొండలో మేసే మేక లాంటిది, తన తిండి తానే వెతుక్కుంటుంది. ఒక్కసారికి ఆకులో మూడోవంతు కన్నా ఎక్కువ కోయరాదని గడ్డి పెంచేవాళ్లంతా పాటించే నియమం. పశువులను బీటిమీద అతిగా మేపితే ఆ బీడు ఎందుకు ఎండిపోతుందో దీన్నిబట్టి మనకూ అర్థమవుతుంది.

మన శత్రువే వాళ్ల నేస్తం

ఇక ఆ గడ్డి ఏమిటి? వేడిదేశాల్లో గోల్ఫు మైదానాలకు ఎక్కువగా వాడేది బెర్ముడా గడ్డి. పేరు వినగానే ఏదో పరాయి సరుకనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. తెలుగులో చెబితే గరిక! వినాయకచవితికి మనం పూజలో పెట్టే గరికే. రేగడి చేలల్లో మనల్ని ఏడిపించే గరికే. "గరిక పట్టిన చేను కొనొద్దురా" అని మా నాయన ఇప్పటికీ అంటాడు. గుంటకతో పైపైన కోస్తే తెగిన ప్రతి ముక్కా ఒక మొక్కవుతుంది. నడివేసవిలో లోతుగా మడక దున్ని, వేళ్లు ఏరి ఎండబెట్టి కాల్చినా ఎక్కడో ఒక కణుపు మిగిలే ఉంటుంది.

రైతుకు శత్రువయ్యే ఆ గుణాలే మైదానానికి వరాలు. గరికకు రెండు రకాల కాండాలున్నాయి. ఒకటి నేలమీద పాకుతుంది, ఇంకొకటి నేలలోపల పాకుతుంది. పైది ఎండకు మాడినా, పశువు మేసినా, వరద కోసుకుపోయినా, లోపలిది బతికే ఉంటుంది. నాలుగు చినుకులు పడితే మళ్లీ చిగురుస్తుంది. ఆ రెండు కాండాలూ కలిసి మట్టిని వలలాగా పట్టుకొంటాయి. ఉప్పు నీటికీ కొంతవరకు ఓర్చుకొంటుంది. దానికి ఓర్వలేనిది ఒక్కటే: నీడ. చెట్టు కింద గరిక పలచబడుతుంది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊరుంది. ఆదోని లాగానే అదీ పత్తి, వేరుశనగ పండే సీమ. అక్కడి రైతులకూ గరిక అంటే పడదు. ఆ ఊరి పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త పశువుల మేతకోసం గరికను మెరుగుపరచి 1943లో కోస్టల్ అనే రకాన్ని విడుదల చేశాడు. తర్వాత మన గరికను ఆఫ్రికా జాతి సన్నగరికతో కలిపి ఆటస్థలాలకు పనికొచ్చే సంకర రకాలు తయారయ్యాయి. 1960లో వచ్చిన టిఫ్‌వే ఫెయిర్‌వేలకూ, 1965లో వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ గ్రీన్‌లకూ ప్రసిద్ధికెక్కాయి. ఈ సంకర రకాలకు మొలకెత్తే విత్తనం రాదు. కణుపు ముక్కలు నాటి పెంచవలసిందే. మనం పీకి గట్టున పారేసే పనినే వాళ్లు తిరగేసి చేస్తారన్నమాట.

నీళ్లు పోయే దారి

మైదానానికి వాన మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది నీరు బయటికి పోయే దారిని బట్టి ఉంటుంది. కర్నూలు, అనంతపురం జిల్లాల అల్పవర్షపాత మండలంలో సాలుకు పడేది సుమారు 500 నుంచి 670 మిల్లీమీటర్ల వాన. కాని ఆ కొద్ది వానా పద్ధతిగా పడదు. నెలల తరబడి మొహం చాటేసి, ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగిపోయింది, మంత్రాలయం నీళ్లలో చిక్కుకొంది. కరువు సీమ కదా అని నీటిదారి మరిచిపోతే ఏమవుతుందో ఆ వరద అందరికీ చూపించింది.

గోల్ఫు మైదానంలో మొదటి పని వాలు తీర్చడం. చూసేవాళ్లకు అందంకోసం చేసిన మెట్టపల్లాల్లాగా కనిపిస్తాయి గాని, ప్రతి పల్లానికీ ఒక దారి ఉంటుంది. ఆ దారి గడ్డి పరిచిన వెడల్పాటి కాలువలోకి, అక్కడినుంచి చెరువులోకి పోతుంది. మైదానం నడుమ నీలంగా మెరిసే ఆ చెరువులు బంతులు మింగడానికి తవ్వినవని ఆటగాళ్లు అనుకొంటారు. నిజానికి అవి మన నీటికుంటలే. వానను ఆపి, మట్టిని దించుకొని, ఎండాకాలానికి దాచిపెడతాయి.

గ్రీన్ కట్టడంలో ఇంకొక చమత్కారముంది. అమెరికా గోల్ఫు సంఘం 1960లో ప్రచురించిన పద్ధతి ప్రకారం అడుగున గొట్టాలు, వాటిమీద నాలుగంగుళాల గులకరాళ్లు, ఆపైన పన్నెండంగుళాల ఇసుక మిశ్రమం పరుస్తారు. గులకరాళ్లు ఎందుకు? నీరు త్వరగా పోవడానికే అని మనకు తోస్తుంది. అది సగం నిజమే. ఇసుకలోని సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి, రాళ్ల మధ్య పెద్ద సందులు దాన్ని లాక్కోలేవు. కాబట్టి ఇసుక అడుగుభాగం నిండేదాకా నీరు కిందికి దిగదు. తడిపిన స్పాంజిని పట్టుకొని చూడండి. కొంత నీరు కారిపోయాక కింది అంచులో తడి అట్లాగే నిలిచిపోతుంది. ఇదీ అంతే. జడివాన వస్తే నీరు గొట్టాల్లోకి పోతుంది, మామూలు రోజుల్లో వేరుకు అందేంత తడి మిగులుతుంది. ఒకే కట్టడం వరదకూ కరువుకూ రెండింటికీ జవాబు చెబుతుంది!

మన నల్లరేగడి సంగతి వేరు. అందులో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్య నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే వేసవిలో కాలు దిగేంత నెర్రెలు. మొదటి వాన నెర్రెల్లోకి గటగటా దిగిపోతుంది. ఉబ్బి నెర్రెలు మూసుకొన్నాక మాత్రం నీరు ఇంకడం దాదాపు ఆగిపోయి, పైనే నిలుస్తుంది. రేగడి మీద నాలుగు బండ్ల ఇసుక తోలి కలిపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కూరుకొనిపోయి నేల ఇటుకలాగా గట్టిపడుతుంది. రేగడి నేలకు సరైన మందు వాలే. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ నల్లరేగళ్ల కోసం వెడల్పు మడి, సాలు పద్ధతి రూపొందించింది. సాళ్లను నిట్టనిలువుగా వాలుకు వేయకుండా, నూరు మీటర్లకు అరమీటరు అటూ ఇటూ దిగేటట్టు ఏటవాలుగా వేస్తారు. నీరు పరుగెత్తకుండా నడిచి, గడ్డి కాలువలోకి చేరుతుంది. గోల్ఫు మైదానం కట్టేవాడూ, మెట్టరైతూ తెలియకుండానే ఒకే పాఠం చదువుతున్నారు.

చెట్టు ఎక్కడ, ఏ చెట్టు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి వీచింది. నగరంలో వేలకు వేల చెట్లు కూలాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఈస్ట్ పాయింట్ మైదానంలోనూ చెట్లు నేలకొరిగాయి. కూలకుండా మిగిలిన చెట్లకు కూడా ఆకులు రాలిపోయి, ఉప్పు గాలికి కొమ్మలు మాడి, నగరమంతా ఒక్క రోజులో ఎండాకాలం వచ్చినట్టయింది.

ఇక్కడ భౌతికశాస్త్రం ఒక లెక్క చెబుతుంది. గాలి చెట్టును తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. మా ఊళ్లో మే నెలలో వాన ముందర వచ్చే 60 కిలోమీటర్ల గాలికన్నా 180 కిలోమీటర్ల గాలి వేగం మూడింతలు, దాని తోపు మాత్రం తొమ్మిదింతలు! తాటిచెట్టు ఇటువంటి గాలికి ఎందుకు ఎక్కువగా నిలుస్తుందంటే, దానికి కొమ్మలే లేవు. తలమీద నాలుగు ఆకులు, వంగే కాండం, కిందికంతా పరుచుకొన్న పీచువేళ్ల కుచ్చు. తురాయి, పచ్చతురాయి, ఆస్ట్రేలియా తుమ్మ వంటి త్వరగా ఎదిగే చెట్లకు గొడుగంత తల, పెళుసు కట్టె, పైపై వేళ్లు. నాలుగేళ్లలో నీడ కావాలంటే వాటిని నాటుతారు. ముప్పై ఏళ్ల నీడ కావాలంటే వేప, చింత, కానుగ నాటాలి.

జాతి ఒక్కటే చాలదు. నర్సరీ సంచిలో ఎక్కువకాలం ఉంచిన మొక్కకు వేళ్లు గుండ్రంగా చుట్టుకొనిపోతాయి. నాటేటప్పుడు వాటిని విడదీయకపోతే చెట్టు పెద్దదైనా వేరు సంచి ఆకారంలోనే ఉండిపోతుంది. రోజూ పైపైన నీళ్లు చల్లితే వేరు పైకే వస్తుంది. వారానికొకసారి బాగా తాగించి ఆరబెడితే, తడిని వెతుక్కొంటూ లోతుకు పోతుంది. చుట్టూ సిమెంటు పోసి ఊపిరాడకుండా చేసిన చెట్టుకు గాలితో పోరాడే బలం ఎక్కడినుంచి వస్తుంది?

గాలికి అడ్డంగా నాటే చెట్ల వరుస గోడలాగా దట్టంగా ఉండకూడదు. గోడకు తగిలిన గాలి పైకి ఎగిరి అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. సగం గాలిని వడకట్టి వదిలే వరుస అయితే, చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. ఇక గరికకు నీడ గిట్టదని పైన చెప్పుకొన్నాం. కాబట్టి గ్రీన్‌ల దగ్గర ఉదయపు ఎండకు అడ్డం వచ్చేటట్టు చెట్లు నాటరు.

పిడుగు

చెట్టు సంగతి వచ్చింది కాబట్టి ఒక ముఖ్య విషయం. విశాలమైన బయట ఒంటరిగా ఉన్న చెట్టే పిడుగుకు మొదటి గురి. 1975 జూన్ 27న అమెరికాలో చికాగో దగ్గర పోటీ జరుగుతుండగా ప్రసిద్ధ ఆటగాడు లీ ట్రెవినోకు పిడుగు దెబ్బ తగిలింది, అదృష్టవశాత్తు బతికాడు. 1991 జూన్‌లో యు.ఎస్. ఓపెన్ పోటీలో వానకు చెట్టుకింద చేరిన ఆరుగురిమీద పిడుగు పడి ఒకరు మరణించారు. ఆ తర్వాత మైదానాల్లో మబ్బు కమ్మగానే సైరను మోగించి ఆట ఆపడం కట్టుదిట్టమైంది.

మన చేలల్లో సైరను లేదు. గొర్రెల కాపరులు, కలుపు తీసే ఆడవాళ్లు వాన రాగానే చెట్టుకిందికే పరుగెత్తుతారు. కాబట్టి ఈ లెక్క ఇంట్లో అందరికీ నేర్పండి. మెరుపు చూసిన తర్వాత ఉరుము వినేదాకా అంకెలు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు నడవడానికి దాదాపు 3 సెకండ్లు పడుతుంది. 30 లోపలే ఉరిమితే పిడుగు 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, వెంటనే పక్కా ఇంట్లోకో మూసిన బండిలోకో పోవాలి. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ కూడా పిడుగు హెచ్చరికలిస్తుంది.

నీటి లెక్క

ఇంత చెప్పాక ఒక కష్టమైన ప్రశ్న మిగులుతుంది. బిందెడు నీళ్లకోసం ట్యాంకరు ముందు వరుస కట్టే సీమలో గడ్డికి నీళ్లు పెట్టడం న్యాయమా?

లెక్క వేద్దాం. ఒక హెక్టారులో ఒక మిల్లీమీటరు నీరంటే 10,000 లీటర్లు. నూరు ఎకరాలు సుమారు 40 హెక్టార్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున అంతటా తడిపితే 20 లక్షల లీటర్లు. జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. అంటే ఒక్క రోజు గడ్డి తాగే నీరు 36,000 మందికి సరిపోతుంది!

ఇప్పుడు ఎంపిక మార్చి చూద్దాం. గ్రీన్‌లు పద్దెనిమిదీ కలిపినా ఒక హెక్టారే. టీలకు ఇంకొకటి, ఫెయిర్‌వేలకు ఎనిమిది అనుకొంటే పది హెక్టార్లే తడపాలి. మిగతా ముప్పై హెక్టార్లనూ స్థానికపు గడ్డికీ, వేపకూ, తుమ్మకూ వదిలేస్తే రోజుకు 5 లక్షల లీటర్లు చాలు. ఒక్క 50 మిల్లీమీటర్ల వాన ఆ నూరెకరాలమీద 2 కోట్ల లీటర్లు కురుస్తుంది. అందులో పావువంతు కుంటల్లో పట్టినా పది రోజుల నీరు. ఆ పైన మురుగునీటిని శుద్ధిచేసి వాడవచ్చు. చండీగఢ్‌లో గోల్ఫు మైదానానికి అటువంటి నీరే ఇస్తారు. కాని ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. రేగడిలో సోడియం చేరితే మట్టి బిగుసుకొని చౌడవుతుంది. తుంగభద్ర కాలువల కింద నీరు ఎక్కువై చౌడెక్కిన చేలను చూసిన మనకు ఇది కొత్త కాదు. బయటికి పోయే దారి లేకుండా నీరు పెట్టరాదన్న సూత్రం మళ్లీ ఇక్కడికే వచ్చింది.

అసలు గడ్డే లేకుండా ఆడినవారూ ఉన్నారు. నీటి ఎద్దడి ఉన్న చోట్ల, మన దేశపు దండు మైదానాల్లో సహా, గ్రీన్‌కు బదులు ఇసుకలో నూనె కలిపి చదును చేసి, వాటిని బ్రౌన్‌లని పిలిచేవారు. నేల ఇవ్వగలిగిందే అడగడం కూడా ఒక విద్యే.

వాన వెలిసినాక

తుపాను వెలిసిన మరునాడు మైదానంవాళ్లు చేసే పనులకు ఒక క్రమముంది. మొదట కాలువల్లో అడ్డుపడిన చెత్త తీసి నీరు పోనిస్తారు. విరిగి వేలాడే కొమ్మలు దించుతారు. తడినేలమీదికి ట్రాక్టరునూ, యంత్రాన్నీ రానివ్వరు. తడిమీద తొక్కిన రేగడి పలకలాగా బిగుస్తుందని పదును చూసి మడక కట్టే రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేల ఆరాక బిగుసుకొన్న చోట బోలు మేకులతో రంధ్రాలు చేసి, మట్టికడ్డీలు తీసి, ఇసుక నింపుతారు. ఊపిరి ఆడిన తర్వాతే ఎరువు. ఉప్పు గాలికి మాడిన చెట్టును వెంటనే నరకరు, చిగురు వస్తుందేమోనని కొన్నాళ్లు చూస్తారు.

మన మైదానం మాటేమిటి?

మిత్రులారా, మన కాలేజీ ఆటస్థలం వానాకాలంలో బురదగుంట, ఎండాకాలంలో నెర్రెల నేల. వానలు మొదలైతే ఆటలు వారాలకు వారాలు ఆగిపోతాయి. నెర్రెల్లో కాలు మడతపడితే పంటపనికి పోవలసినవాడు ఇంట్లో కూర్చోవాలి. దీనికి లక్షలు అక్కరలేదు. నూరు మీటర్ల వెడల్పు మైదానానికి నడుమ అరమీటరు ఎత్తు ఉండేటట్టు రెండు వైపులా వాలు తీర్చాలి. పైవాలు నుంచి వచ్చే నీటిని ముందే పట్టి పక్కకు మళ్లించే కాలువ ఒకటి తవ్వాలి. ఆ కాలువ చివర ఒక కుంట. తొలకరి పదునులో అడుగుకొకటి చొప్పున గరిక కణుపులు నాటితే చాలు, విత్తనం కొనే పని లేదు. ప్రతి రైతూ ఉచితంగా ఇస్తాడు, పైగా తీసుకుపొమ్మని దండం పెడతాడు! వేప, కానుగ మొక్కలు హద్దు వెంట నాటాలి. తడిగా ఉన్నప్పుడు సభలకోసం లారీలు లోపలికి రానివ్వకూడదు.

ఈ పనులన్నీ మబ్బు పట్టకముందు, చిత్ర వైశాఖాల్లో చేయవలసినవి. అప్పుడు మనకు పరీక్షలుంటాయి, ఆ తర్వాత సెలవులుంటాయి, నిజమే. కాని వాలు తీర్చడానికి ట్రాక్టరుతో రెండు మూడు రోజులు చాలు. కాలువ తవ్వడానికి మా హాస్టలు నుంచి ఇరవైమంది పారలు పట్టుకొని వస్తారు. గరిక మోపు మా చేనునుంచి నేను తెస్తాను. విద్యార్థి సంఘం వచ్చే ఏడాది బడ్జెటులో ఈ ఒక్క పద్దు చేర్చవలసిందిగా నా మనవి.